పంచపాత్ర అడుగున

"ఎన్ని గోలీలు మింగినవ్ బాపూ? రోజుకు ఎన్ని?"

పొద్దున్నుంచి అభిజ్ఞ ఈ మాట అడగడం నాలుగోసారి. మంచం మీద వామన్‌రావు కళ్ళు మూసుకున్నాడు. అది నిద్ర కాదని ఆమెకు తెలుసు. ముప్పై ఏళ్ళుగా గుడిలో అర్చన చేస్తున్న మనిషి, నిద్రలో కూడా ఆయన పెదవులు ఏదో చదువుతూనే ఉంటాయి. ఇప్పుడు బిగుసుకుని ఉన్నాయి.

"రాసిచ్చినన్నే," అన్నాడు చివరికి.

"రాసిచ్చింది ఒక్కటే. గుండెకు స్టెంటు ఏసినప్పుడు చెప్పిండ్రు, రాత్రి పండుకునేముందు ఒక్కటి అని. ఒక్కటి మింగితే ఒంట్ల కండలు కరుగుతయా బాపూ?"

మంచం పక్కన వేలాడుతున్న సంచిలో మూత్రం పాలు పోయని చాయ్ రంగులో ఉంది. చూడొద్దనుకుంటూనే అభిజ్ఞ మళ్ళీ అటే చూసింది.

నిన్న మధ్యాహ్నం గుడి మెట్లు దిగలేక గోడ పట్టుకుని కూలబడ్డ తండ్రిని ఆటోలో ఈ నర్సింగ్ హోంకి తెచ్చింది. అప్పట్నుంచీ డాక్టర్ రశ్మి అడుగుతున్నది ఒకటే. కండలు కరిగి, ఆ కరిగిందంతా పోయి మూత్రపిండాలకు అడ్డం పడుతోంది. కొలెస్ట్రాల్ గోలీ మోతాదు మించితే ఇలా అవుతుంది. మరి ఎంత మించింది? ఎన్నాళ్ళనుంచి? కారణం ఇదేనా, ఇంకేదైనా ఉందా? సాయంత్రంలోగా తేలకపోతే డయాలసిస్‌కి సిద్ధంగా ఉండమంది.

చెప్పాల్సిన మనిషేమో బెల్లం కొట్టిన రాయిలా పడుకున్నాడు.

తలుపు తోసుకుని అన్న శ్రీపాద వచ్చాడు. చేతిలో ఫ్లాస్కు, మొహం నిండా చిరాకు.

"ఏమన్న చెప్పిండా?"

"లేదు."

"నువ్వు అడిగితే ఎట్ల చెప్తడు? చేసిందంత నువ్వేనాయె." ఫ్లాస్కు టక్కున బల్ల మీద పెట్టాడు. "జహనుమా నుంచి ఇక్కడిదాక ట్రాఫిక్ల గంట పట్టింది. ఇంట్ల మాన్య ఒక దిక్కు లొల్లి. కాళ్ళు నొస్తున్నయంట, బడికి పోదంట. మూడు దినాల సంది అదే పాట. వాళ్ళమ్మ వీణ రెండు తగిలిస్తే ఊకుంది. రోజు దించినట్టే అమ్మ దగ్గర దించేసి వచ్చిన. ఈడ చూస్తే ఈయన ఇట్ల."

"నేనేం చేసిన అన్నా?"

"ఏం చేసినవా? చారు మర్చిపోయినవా?"

మర్చిపోలేదు. ఎలా మర్చిపోతుంది? పోయిన నెల ఆదివారం, అందరూ భోజనాలకు కూర్చున్న రోజు. ఆరేళ్ళుగా లాబ్‌లో ఏం చేస్తున్నావమ్మా అని తండ్రి మొట్టమొదటిసారి మనసుపెట్టి అడిగిన రోజు. సంతోషం పట్టలేక అభిజ్ఞ తన పళ్ళెంలోని చారు మీద తేలుతున్న నెయ్యి చుక్కలు చూపించింది.

"గీ చారు మన ఒంట్ల కణం మీది పొర అనుకో బాపూ. గీ నెయ్యి చుక్కలు చూడు, ఒకదాన్ని ఒకటి ఎతుక్కుంటు పోయి కలుస్తున్నయ్ గదా? కణం మీద గుడ గట్లనే. కొలెస్ట్రాల్ అంత ఒక్క తాన జమై తెప్ప లెక్క తేలుతది. వైరస్ ఉన్నది సూడు, అది యాడ పడితే ఆడ సొచ్చుడు దానితోని కాదు. దాన్ని పట్టుకుని లోపలికి గుంజే కొక్కేలన్ని ఆ తెప్ప మీదనే ఉంటయ్. ఆడ ఒడ్డుకొస్తేనే తలుపు తెర్చుకుంటది."

"మరి ఆ తెప్ప లేకుంటే?" అన్నాడు వామన్‌రావు, ముద్ద చేతిలోనే ఉంచుకుని.

"మేం చేసింది గదే బాపూ. కొలెస్ట్రాల్ మొత్తం గుంజేసినం. వైరస్ బయటనే తిరిగింది, లోపలికి రాలే."

"డెంగీదా?"

"డెంగీదే."

ఆ వారమే వెనక గల్లీలో డెంగీతో ఎనిమిదేళ్ళ పిల్లవాడు పోయాడు. పింటూ అని, గుడికి రోజూ వచ్చి గంట కొట్టేవాడు. తీర్థం పోసిన చేత్తోనే వామన్‌రావు వాడి తండ్రి భుజం పట్టుకుని నిలబడాల్సి వచ్చింది.

ఆ రోజు అభిజ్ఞ ఇంకా చెప్పింది. గాజు పళ్ళెంలో కణాల సంగతి వేరు, మనిషి సంగతి వేరు అని చెప్పింది. కొలెస్ట్రాల్ మొత్తం తీసేస్తే కణమే బతకదని చెప్పింది. కానీ అప్పటికే అమ్మ పెరుగు గిన్నె తెచ్చింది, మాన్యకు పొలమారింది, శ్రీపాదకు ఫోన్ వచ్చింది. ఈ ఇంట్లో ఆమె మాటల్లో రెండో సగం విన్నవాళ్ళు ఎన్నడన్నా ఉన్నారా?

"నేను మింగమని చెప్పిన్నా అన్నా?"

"చెప్పకుంటేంది? ఇంట్ల పెద్ద సైంటిస్టు ఉన్నది. ఆమె నోట్లకెల్లి వస్తే వేదం. నా మాటకు ఈ ఇంట్ల గింత ఖదర్ ఉన్నదా? దోమతెర కట్టుకోండ్రి అని నెత్తినోరు కొట్టుకున్న, కట్టిండ్రా? నువ్వు నెయ్యి చుక్కలు చూపియ్యంగనే..."

"ఇద్దరు జర ఊకుంటరా," అన్నాడు వామన్‌రావు కళ్ళు తెరవకుండా.

సెలైన్ చుక్క చుక్కగా పడుతోంది.

బల్ల మీద అభిజ్ఞ ఫోన్ మోగింది. ఆమె పరిశోధనకు గైడు రామ్‌చందర్ సార్. వరండాలోకి వెళ్ళి ఎత్తింది.

"అభిజ్ఞా, సోమవారం మన పేపర్ మీద జర్నల్‌కి జవాబు పంపాలి. ఆ రివ్యూయర్ మూడో ప్రశ్న ఏమైంది?"

"మా నాన్న హాస్పిటల్లో ఉన్నారు సార్."

"అయ్యో. సరే, ఆయన సంగతి చూసుకో. గడువు అడుగుతాను. కానీ ఇస్తారని అనుకోను."

ఆ మూడో ప్రశ్న ఆమెకు కంఠతా వచ్చు. కొలెస్ట్రాల్ తీసేస్తే వైరస్ ఆగిందంటున్నారు, బాగుంది. తలుపు మూసుకున్నందుకు ఆగిందా, ఇల్లే కూలిపోయినందుకు ఆగిందా? తీసిన కొలెస్ట్రాల్ తిరిగి ఇచ్చి, కణం కోలుకుందనీ, వైరస్ మళ్ళీ లోపలికి వచ్చిందనీ చూపండి. మూడు నెలల్లో మూడుసార్లు చేసింది. మూడుసార్లూ కణాలు కోలుకోలేదు. ఆ ముక్కూ మొహం తెలియని రివ్యూయర్‌ని రెండు నెలలుగా తిట్టని తిట్టు లేదు. ఇప్పుడు లోపల మంచం మీద ఉన్నది అదే ప్రశ్న. ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

తిరిగి వచ్చేసరికి శ్రీపాద బిల్లింగ్ కౌంటర్‌కి వెళ్ళాడు. వామన్‌రావు కళ్ళు తెరిచి కప్పు వైపు చూస్తున్నాడు. అభిజ్ఞ స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది. ఈసారి అడగలేదు. తండ్రి అరచేయి తన చేతిలోకి తీసుకుంది.

అప్పుడు ఆయనే అన్నాడు.

"మూడు."

"రోజుకా?"

"ఏదన్న మూడుసార్లు తీసుకుంటేనే రక్ష బిడ్డా. తీర్థం మూడుసార్లు తీసుకుంటం. ప్రదక్షిణం మూడుసార్లు చేస్తం. పొద్దుగాల ఒకటి, పగటీలి ఒకటి, రాత్రి ఒకటి. పదహారు దినాలాయె. నడుమల ఏకాదశి ఉపాసం పడ్డది, నీళ్ళు గుడ తాగలే. ఆనాటి సంది తొడలల్ల నొప్పి షురూ అయింది."

"మరి పొద్దున్నుంచి అడుగుతుంటె ఎందుకు చెప్పలే?" గొంతు లేచింది. ఆపుకోలేకపోయింది. "కిడ్నీలు పోతున్నయ్ బాపూ! తెలుస్తుందా నీకు?"

"చెప్తే డాక్టరమ్మ అడుగుతది, ఎవరు చెప్పిండ్రని. ఏమనాలె? నా బిడ్డ చెప్పిందనాల్నా?" ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఆరేండ్ల చదువు బిడ్డా. నీ చదువు మీద మాట రానిస్తనా?"

అభిజ్ఞ ఆయన చేయి వదిలి లేచింది. తన పని ఇంట్లో ఒక్కరైనా నమ్మాలని ఎన్నేళ్ళు కోరుకుంది! తీరా నమ్మితే ఇలా నమ్మాడు.

డాక్టర్‌తో చెప్పి, గోలీ ఎంత మోతాదుదో కనుక్కోవడానికి గల్లీ మొదట్లోని మెడికల్ షాపుకు ఫోన్ చేసింది. అమరనాథ్ సేట్ వాళ్ళది తాతల కాలం నుంచీ ఆ గల్లీలోనే వ్యాపారం.

"నలభై ఎంజీదే అమ్మా, ఎప్పుడిచ్చేదే," అన్నాడు అమరనాథ్. "పంతులు గారు ఎట్లున్నరు? మస్తు ఫికర్ ఐతున్నది నాకు. ఒక్కసారి పదిహేను షీట్లు పట్కపోయిండు. అన్ని ఎందుకు స్వామీ అంటే, ఊకె ఊకె రాలేను సేటూ, ఒంట్ల బాగుంటలే అన్నడు. పంతులు గారాయె, ఏం అడుగుత? ఇచ్చిన. తప్పయింది బిడ్డా."

పదిహేను షీట్లు. నూటయాభై గోలీలు. పదహారు రోజులు, మూడేసి చొప్పున నలభై ఎనిమిది. ఫోన్ పట్టుకునే అభిజ్ఞ తండ్రి మంచం దగ్గరికి వచ్చింది.

"తక్కిన గోలీలు ఏడున్నయ్ బాపూ?"

వామన్‌రావు మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"ఇంట్ల."

"ఇంట్ల ఏడ?"

"అచ్యుత్ గుడికి పోయిండా?" అన్నాడు గోడతో, తన బదులు పూజకు దిగిన తమ్ముడి గురించి. "శనివారం. జనం ఎక్కువ ఉంటరు. తీర్థం పొడి డబ్బా తీస్కపొమ్మని చెప్పిండ్రా?"

ఆ మాట వింతగా తోచినా, మగతలో గుడి పని గుర్తొచ్చింది కాబోలు అనుకుంది. మిగిలిన షీట్లు తెమ్మని డాక్టర్ కూడా అంది. అభిజ్ఞ బయటికొచ్చి ఆటో ఎక్కింది.

"క్యా హువా బేటీ, ఇత్తా పరేషాన్?" అన్నాడు ఆటో నడిపే పెద్దాయన, అద్దంలో ఆమె కంగారు చూసి.

"జల్దీ చలో చాచా," అంది. అంతకంటే ఏం చెప్తుంది?

ఇంట్లో తల్లి సూర్యప్రభ వాకిట్లోనే ఎదురైంది. "ఎట్లున్నడే? తిన్నడా? నన్ను ఎందుకు రానియ్యరు? నేనేమన్న పరాయిదాన్నా?"

"అమ్మా, బాపు గోలీలు ఏడ పెడతడు?"

"గోలీలా? నాకేం ఎరుక? ఈ ఇంట్ల నాకేమన్న చెప్పి చస్తరా?"

దేవుడి గది అల్మారా తీసింది అభిజ్ఞ. పట్టు పంచెల కింద చేయి పెట్టగానే గరగరమంది. లాగితే షీట్లు బయటపడ్డాయి. ఒకటి, రెండు, ఐదు, పది. అన్నీ ఖాళీ. వాటి వెనక చిన్న రాతి కల్వం. తండ్రి పచ్చకర్పూరం, యాలకులు నూరి తీర్థం పొడి చేసే కల్వం అది. అంచుల్లో తెల్లటి పొడి అంటుకుని ఉంది. వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంది. కర్పూరం కింద చేదు.

కల్వం చేత్తో పట్టుకుని తల్లి వైపు తిరిగింది.

"ఏమైందే?"

"అమ్మా, ఈ నడుమ గుడి తీర్థం చేదుగ ఉంటున్నదా?"

సూర్యప్రభ కాసేపు ఆలోచించింది. "ఒక దినం చేదు తగిలింది నాకు. పచ్చకర్పూరం ఎక్కువ పడ్డదేమో అని అడిగిన. కొత్త మూలిక కలిపిన, జ్వరాలు రావు, గల్లీల పిల్లలందరికి మంచిదన్నడు. ఏందే? ఎందుకట్ల చూస్తున్నవ్?"

"ఆ డబ్బా ఏడుంది?"

"అచ్యుత్ తీస్కపాయె పొద్దుగాల. మాన్య గుడ ఆయన ఎంబడి పోయింది. కాళ్ళు నొస్తున్నయనుకుంటనే పోయింది, గుడి అంటే మాత్రం..."

తల్లి మాట పూర్తి కాకముందే అభిజ్ఞ గడప దాటింది. చెప్పులు కూడా వేసుకోలేదు.

రామమందిరం ఇంటికి నాలుగిళ్ళ అవతల. హారతి అయిపోయింది. వరుసలో పాతికమంది నిలబడ్డారు. ముందు ముసలమ్మలు, వాళ్ళ వెనక చంకలో పిల్లలతో తల్లులు. అచ్యుత్ బాబాయి వెండి పంచపాత్ర పట్టుకుని, అకాల మృత్యువు దరిచేరకూడదనే మంత్రం చదువుతూ ఉద్ధరిణెతో ఒక్కొక్కరి చేతిలో పోస్తున్నాడు.

"బాబాయ్! ఆపు! ఎవరు తాగొద్దు!"

అందరూ తిరిగి చూశారు. చేతిలో తీర్థం పట్టుకున్న ముసలమ్మ అలాగే ఆగిపోయింది. అభిజ్ఞ వెళ్ళి పంచపాత్ర పట్టుకుంది.

"ఏందే గీ పని?" అచ్యుత్ మండిపడ్డాడు. "మడి కట్టుకుని ఉన్న నేను! స్నానం లేదు, పాడు లేదు, దవాఖానకెల్లి వచ్చి తీర్థం ముట్టుకుంటవా?"

"దీంట్ల గోలీలు కలిసినయ్ బాబాయ్."

"ఏం గోలీలు? ఎవరు కలిపిండ్రు?"

అబద్ధం ఒక్కటి చాలు. పొడిలో ఏదో పురుగు పడిందనో, డబ్బా మారిందనో అంటే సరిపోతుంది. ముప్పై ఏళ్ళుగా ఈ గల్లీ ఏ చేతి నీళ్ళు కళ్ళకద్దుకుని తాగిందో, ఆ చేతికి మచ్చ రాదు. వరుసలో పింటూ తల్లి కూడా ఉంది. అభిజ్ఞ ఆమెను చూసింది. అబద్ధం నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"బాపు కలిపిండు," అంది. "కొలెస్ట్రాల్ గోలీలు. పదహారు దినాల సంది. అవి తింటే డెంగీ రాదనుకున్నడు. నేను చెప్పిన మాట సగం విని అట్ల అనుకున్నడు. తప్పు నాది. ఎవరికన్న తొడలు నొస్తున్నయా? కాళ్ళు? మూత్రం నల్లగ వస్తున్నదా? సిగ్గుపడకుండ చెప్పుండ్రి."

ఒక్కసారిగా గోల లేచింది. "అయ్యో రామా!" "తీర్థంల మందులా?" "పంతులు గారు గిట్ల చేసిండా?" ఎవరో నేల మీద ఉమ్మేశారు. చేతిలో తీర్థం ఉన్న ముసలమ్మ మాత్రం దాన్ని పారబోయలేక, తాగలేక, ఏడుపు మొహం పెట్టి నిలబడింది.

అచ్యుత్ అరుగు మీద చతికిలబడ్డాడు. "మా అన్ననా? మా అన్న చేసిండా?"

అభిజ్ఞ పంచపాత్రను వెలుగులోకి వంచింది. లాబ్‌లో చూసినట్టే చూసింది. పైన నీళ్ళు తేటగా ఉన్నాయి. ఈ గోలీ నీళ్ళలో కరగదు. పొడి చేసి వేసినా మెల్లగా కిందికి దిగిపోతుంది. పై నీళ్ళు ఉద్ధరిణెతో తీసి పోస్తే అందులో మందు ఎంత ఉంటుంది? ఉన్నా లేనట్టే. అందుకే ఎవరూ నొప్పులనడం లేదు. గల్లీ అంతా ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు, ఎవరికీ ఏమీ కాలేదు.

పదిహేను నిమిషాల్లో మొదటిసారి ఆమె గట్టిగా ఊపిరి పీల్చుకుంది. దేవుడా, బతికించినవ్, అనుకుంది. అందరి పేర్లూ రాసుకుని డాక్టర్‌కు చెప్తే చాలు. తేట నీళ్ళను మెల్లగా తులసికోట పక్కన ఒంపింది. పంచపాత్ర అడుగున వేలి మందాన తెల్లటి ముద్ద మిగిలింది.

వంద గోలీల పొడి అంతా, రోజూ కొంత, ఇక్కడికే దిగుతోందన్నమాట. మరి రోజూ ఈ అడుగుది ఏమైంది?

"అత్తా!"

ధ్వజస్తంభం వెనక నుంచి మాన్య వచ్చింది. ఏడేళ్ళ పిల్ల. ఒక కాలు ఈడుస్తూ, స్తంభం పట్టుకుంటూ వచ్చింది. మూతి ముడుచుకుని ఉంది.

"అంత పారబోసినవా? మరి నాకు?"

"నీకేంది తల్లీ?"

"అడుగుది నాదే గదా. అందరికి పోసినంక అడుగున తెల్లగ ఉంటది సూడు, అది తాత నాకొక్కదానికే ఇస్తడు. మస్తు చేదుంటది. కండ్లు మూసుకుని మూడుసార్లు మింగాలె. అది మింగితే పింటూకు అయినట్ల నాకు కాదంట." మాన్య ఆమె చేతిలోని పాత్రలోకి తొంగిచూసింది. "నిన్న తాత లేడు గదా, అచ్యుత్ తాతను అడిగి నేనే తీసుకున్న."

గల్లీ గోల ఎక్కడో దూరంగా వినిపిస్తోంది. అభిజ్ఞ పాత్రను నేల మీద పెట్టింది. మోకాళ్ళ మీద కూర్చుని పిల్ల రెండు భుజాలూ పట్టుకుంది. కాళ్ళు నొస్తున్నాయని మూడు రోజులుగా ఈ పిల్ల ఎంతమందికి చెప్పింది? చెప్పినందుకు దెబ్బలు తిన్నది.

"మాన్యా, అత్తకు ఒక్క మాట చెప్పు. పొద్దుగాల ఒంటికి పోయినవ్ గదా. ఏం రంగుల వచ్చింది?"

మాన్య చుట్టూ ఉన్న జనాన్ని చూసి సిగ్గుపడింది. అత్త మెడ చుట్టూ చేతులు వేసి, చెవి దగ్గర నోరు పెట్టింది.

"నల్ల చాయ్ లెక్క వచ్చింది అత్తా. అమ్మకు చెప్పకు, మళ్ళ కొడ్తది."